రాత్రి ఏడింటి కాఫీకి బదులు

ప్రశ్న: నా వయసు 49. మాది తణుకు దగ్గర పల్లె. తెల్లవారుజామున ఐదున్నరకి మొదలుపెడితే టిఫిన్ అయ్యాక, పదకొండింటికి, నాలుగింటికి, రాత్రి ఏడింటికి, మొత్తం ఐదు ఫిల్టర్ కాఫీలు తాగుతాను. పొడి 70-30, ప్రతి గ్లాసులో రెండు చెంచాల పంచదార. ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. అది మింగిన వెంటనే మొదటి కాఫీ తాగేస్తాను. ఈ మధ్య రాత్రి ఒంటిగంట దాటినా నిద్ర పట్టడం లేదు. నీరసం, గుండె దడ, గొంతులో మంట కూడా ఉన్నాయి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.6 వచ్చిందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. వాటిని టిఫిన్ తర్వాత కాఫీతో వేసుకుంటున్నాను. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో హెర్బల్ కాఫీ పొడి తెప్పించాడు. షుగర్, కొవ్వు, లివర్ అన్నిటినీ బాగుచేస్తుందని పాకెట్ మీద ఉంది. మా అత్తగారేమో ధనియాల కాఫీ తాగమంటారు. వీటివల్ల నిజంగా ఆరోగ్యానికి మేలుందా? నేను కాఫీ పూర్తిగా మానేయాలా? మా అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. వచ్చే నెల పుట్టింటికి వస్తోంది. తనూ ఆ పొడి తాగొచ్చా?

జవాబు: మీరు పొడుల గురించి అడిగారు. వాటి దగ్గరకి తప్పకుండా వస్తాను. కానీ మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టినవి ఆ పొడులు కావు, కాఫీతో పాటు మింగుతున్న రెండు మాత్రలు. ముందు వాటి సంగతి చూద్దాం.

థైరాయిడ్ మాత్రని పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాఫీతో కలిస్తే ఆ మాత్ర పేగుల్లోంచి రక్తంలోకి తక్కువగా వెళ్తుంది. ఇక్కడ మీరు జాగ్రత్తగా గమనించాల్సింది ఒకటుంది. ఆరేళ్లుగా మీరు మాత్ర, కాఫీ వెంటవెంటనే తీసుకుంటున్నారు కాబట్టి, మీ డాక్టరు నిర్ణయించిన డోసు ఆ అలవాటుకి తగ్గట్టే కుదిరి ఉండొచ్చు. ఇప్పుడు మీరు ఒక్కసారిగా గంట ఆగి కాఫీ తాగడం మొదలుపెడితే అదే మాత్ర ఇంకొంచెం ఎక్కువగా పనిచేస్తుంది. థైరాయిడ్ మందు మోతాదు మించితే కనిపించే లక్షణాలు ఏమిటో తెలుసా? గుండె దడ, నిద్ర పట్టకపోవడం. మీకు ఇప్పటికే ఉన్నవి అవే. అందుకని ఈ మార్పు చేసే ముందు డాక్టరుకి చెప్పండి. ఇప్పుడొకసారి, మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి మరోసారి టి.ఎస్.హెచ్. అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి. దడ గురించి ఆయనకి విడిగా, స్పష్టంగా చెప్పండి. రక్తం తక్కువైనా దడ వస్తుంది, నెలసరి ఆగిపోయే వయసులోనూ వస్తుంది. నిందంతా కాఫీ మీద వేసి అసలు కారణాన్ని వదిలేయకూడదు. దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఏదైనా ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లండి.

ఇక ఐరన్ మాత్ర. కాఫీలోనూ టీలోనూ ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఇనుముని పట్టుకుని పేగుల్లో దాన్ని ఒంటికి పట్టనివ్వవు. మాంసాహార భోజనంతో చేసిన ఒక పాత ప్రయోగంలో, భోజనంతో కాఫీ తాగినవాళ్లకి ఇనుము 39 శాతం తక్కువగా ఒంటపట్టింది. టీ తాగినవాళ్లకి 64 శాతం తగ్గింది. భోజనానికి గంట ముందు తాగితే కాఫీ ఏ ఇబ్బందీ పెట్టలేదు. తిన్న గంట తర్వాత తాగితే మాత్రం భోజనంతో తాగినంత నష్టమూ జరిగింది. మనలో చాలామంది టిఫిన్ అయ్యాక కాసేపు ఆగి తాగితే చాలనుకుంటాం. అది సరిపోదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి ముందు గంట, తర్వాత గంట కాఫీ టీలు వద్దని చెప్పింది. మీలాగా రక్తం తక్కువ ఉన్నవాళ్లు తిన్నాక రెండు గంటలు ఆగితే నేనింకా సంతోషిస్తాను.

మీ నీరసానికీ కాఫీకీ ఉన్న లంకె కూడా ఇక్కడే ఉంది. రక్తం తక్కువ కాబట్టి నీరసం, నీరసం కాబట్టి ఇంకో కాఫీ. ఆ కాఫీ ఇనుముని అడ్డుకుంటుంది కాబట్టి రక్తం పెరగదు. పదకొండింటి గ్లాసు, నాలుగింటి గ్లాసు ఇలా వచ్చి చేరినవేనని నాకు అనిపిస్తోంది. ఐరన్ మాత్రని మధ్యాహ్నం భోజనానికి గంటా గంటన్నర ముందు నిమ్మరసం పిండిన నీళ్లతో వేసుకోండి. జామకాయ ముక్కలతోనైనా సరే. కడుపులో తిప్పితే కొంచెం తిన్నాకే వేసుకోవచ్చు, కాఫీతో మాత్రం వద్దు. థైరాయిడ్ మాత్రకీ ఐరన్ మాత్రకీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. మరోమాట. రక్తం ఎందుకు తగ్గిందో ఎవరైనా చూశారా? ఈ వయసులో నెలసరి ఎక్కువగా అవుతున్నా తగ్గుతుంది, బి12 లోపమూ ఉండొచ్చు. అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు నిద్ర. పగలంతా మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ పోతుంది. రాత్రికి కళ్లు బరువెక్కేది దానివల్లే. కాఫీలో ఉండే కెఫీన్ దాని స్థానంలో కూర్చుని ఆ బరువుని మెదడుకి తెలియనివ్వదు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ. అంటే మీ ఏడింటి కాఫీలో సగం అర్ధరాత్రి పన్నెండుకి కూడా ఒంట్లోనే ఉంది. దాని వెనక నాలుగింటిది కూడా కొంత మిగిలే ఉంటుంది. ఒంటిగంటకి నిద్ర పట్టకపోవడంలో వింతేమీ లేదు.

మొత్తం లెక్క కూడా చూడండి. జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజుకి 300 దాటొద్దని ఆ సంస్థ సలహా. మీ పొడిలో ముప్పై పాళ్లు చికోరీ అనే వేరు పొడి ఉంది, గ్లాసులో పాలూ ఉన్నాయి కాబట్టి ఒక్కో గ్లాసుకి 65 అనే వేసుకుందాం. ఐదు గ్లాసులకి 325. హద్దు దాటాం. పంచదార పది చెంచాలంటే 40 గ్రాముల పైమాటే. రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కాబట్టి కాఫీ బదులు తాగే వేటివల్లనైనా మీకు దొరికే అసలు మేలు ఆ పొడిలో కన్నా, అది తీసేసే కెఫీన్‌లోనూ పంచదారలోనూ ఎక్కువగా ఉంది. ఆ మాట మనసులో పెట్టుకుని ఒక్కో పొడినీ చూద్దాం.

మీరు కాఫీకి ప్రత్యామ్నాయం అడుగుతున్నారు గానీ, ఆరేళ్లో పదేళ్లో గడిచాయి, మీరు దాన్ని రోజూ తాగుతూనే ఉన్నారు. 70-30 అంటే ముప్పై పాళ్లు చికోరీ. అది నీలం రంగు పూలు పూసే చిన్న మొక్క. ముల్లంగిలా ఉండే దాని వేరుని ముక్కలు కోసి, ఎండబెట్టి, నల్లగా వేయించి పొడి కొడతారు. మన దేశంలో గుజరాత్‌లోనూ ఉత్తరప్రదేశ్‌లోనూ పండిస్తారు. నెపోలియన్ 1806లో బ్రిటన్ సరుకులకి దారులు మూసేసినప్పుడు ఫ్రాన్సులో కాఫీ దొరక్క జనం దీన్ని పట్టుకున్నారు. తర్వాత కాఫీ దొరికినా రుచి మరిగి వదల్లేదు. మన దేశపు నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంతెంత కలిపారో పాకెట్ మీద రాయాలి. చవక పాకెట్ల మీద 53-47 లాంటి అంకెలు మీకు కనిపించేది అందుకే.

చికోరీలో కెఫీన్ అసలు లేదు. దాని వేరులో ఇన్యులిన్ అనే పీచు పదార్థం ఉంటుంది. అది మన పేగుల్లో అరగదు. అక్కడుండే మేలుచేసే బాక్టీరియాకి ఆహారమవుతుంది. రోజుకి 12 గ్రాముల చికోరీ ఇన్యులిన్ తీసుకుంటే విరేచనం సాఫీగా అవుతుందని చెప్పుకోవడానికి ఐరోపా సమాఖ్య 2015లో అనుమతి ఇచ్చింది. పన్నెండు గ్రాములు అన్న మాట గుర్తుంచుకోండి. మనం డికాక్షన్‌కి వేసే చెంచా పొడి మొత్తం బరువే నాలుగైదు గ్రాములు. పైగా నల్లగా వేయించేటప్పుడు ఇన్యులిన్‌లో కొంత విరిగిపోతుంది. అందుకే గ్లాసుడు చికోరీ తాగితే మలబద్ధకం పోతుందనో షుగర్ తగ్గుతుందనో నేను చెప్పను. కెఫీన్ లేని, కాఫీకి దగ్గరి రుచి ఉన్న పానీయం అది. నాకు ఆ మాత్రం చాలు.

దీనితో రెండు జాగ్రత్తలు. చికోరీ, మన చేల గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్క ఒకే కుటుంబానికి చెందినవి. చేమంతి కూడా ఆ కుటుంబమే. వయ్యారిభామ తగిలితే దద్దుర్లు, తుమ్ములు వచ్చేవాళ్లు చికోరీ ఎక్కువగా మొదలుపెట్టేముందు డాక్టరుని అడగాలి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు కూడా. కొందరికి కడుపుబ్బరం చేస్తుంది. ఇక రెండోది చాలామందికి తెలియదు. పిండిపదార్థం ఉన్న దేన్నయినా బాగా నల్లగా వేయిస్తే అక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుంది. మనుషుల్లో క్యాన్సర్‌కి కారణం కావచ్చన్న అనుమానిత పదార్థాల జాబితాలో అది ఉంది. 2017లో ఐరోపా సమాఖ్య దానికి సూచించిన స్థాయిలు చూడండి: కిలో వేయించిన కాఫీకి 400 మైక్రోగ్రాములు, కేవలం చికోరీతో చేసిన పొడికి 4000. పదింతలు. ఇది చూసి భయపడి చికోరీ పారబోయమని చెప్పడం లేదు. మనం కప్పుకి వేసేది చెంచాడే. కానీ సహజమైనది కదా అని రోజుకి ఐదు గ్లాసుల వట్టి చికోరీకి మారిపోవడం మంచి పని కాదు.

చికోరీ మీకు నిజంగా పనికొచ్చేది కాఫీని మెట్టు మెట్టుగా తగ్గించుకోవడానికి. రేపటినుంచి కాఫీ మొత్తం మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. రెండో రోజు బాగా ఎక్కువవుతుంది. చిరాకు, మగత, పని మీద మనసు నిలవకపోవడం రెండు నుంచి తొమ్మిది రోజుల దాకా ఉండొచ్చు. చాలామంది మూడో రోజు మళ్లీ ఫిల్టర్ దింపేది దీనివల్లే. వాళ్లకి మనోబలం లేక కాదు. అందుకే నెమ్మదిగా వెళ్లండి. మొదటివారం ఏడింటి కాఫీ ఒక్కటే తీసేయండి. రెండోవారం నాలుగింటి గ్లాసుకి మాత్రం పొడిని సగం సగం కలపండి. మూడోవారం ఆ గ్లాసులో పావువంతు కాఫీ, ముప్పావు చికోరీ. ఆ తర్వాతి వారం అదీ తీసేసి వేరే పానీయం తాగండి. చికోరీ నీళ్లలో కాఫీకన్నా చాలా ఎక్కువగా కరుగుతుంది కాబట్టి మామూలుగా వేసే దానిలో సగం పొడి చాలు. చికోరీ ఎక్కువైతే ఫిల్టర్‌లోంచి డికాక్షన్ దిగదు, పైనే ముద్దకడుతుంది. గిన్నెలో రెండు నిమిషాలు మరగనిచ్చి వడపోసుకోండి.

ఏడింటి గ్లాసుకి మీ అత్తగారి మాటే నా మాట. మా అమ్మ ధనియాల కాఫీ పెడుతుంటే ఆ వాసన వీధి అరుగు దాకా వచ్చేది. వానాకాలం సాయంత్రాలు మాకు కాఫీ అంటే అదే. అసలు కాఫీ పెద్దవాళ్లకే. ఒక కప్పు ధనియాలని సన్నసెగ మీద రంగు మారి కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. చెంచా జీలకర్ర, అరచెంచా మిరియాలు కూడా చివర్లో వేసి రెండుసార్లు కలిపి దించండి. రెండంగుళాల శొంఠికొమ్ముని ముందే దంచి పెట్టుకుని, నాలుగు ఏలకులతో అన్నీ కలిపి బరకగా పొడికొట్టండి. గాలి చొరని సీసాలో మూడు వారాలు బాగుంటుంది. గ్లాసు నీళ్లకి ఒక చెంచా పొడి వేసి మూడు నాలుగు నిమిషాలు మరిగించి వడపోస్తే చాలు. పాలు కావాలంటే పొయ్యి ఆపి, కాస్త చల్లారాక వేడిపాలు కలపండి. బెల్లం, శొంఠి ఉన్న నీళ్లు మరుగుతుండగా పాలు పోస్తే విరిగిపోతాయి. బెల్లం వేస్తే చిన్న ముక్క వేయండి. ఇనుము ఉందని బెల్లాన్ని ఎక్కువ వేసుకునేవాళ్లున్నారు. గ్లాసులో వేసే ముక్కనుంచి వచ్చే ఇనుము లెక్కలోకి రాదు, చక్కెర మాత్రం చక్కెరే.

గొంతులో మంట ఉంది కాబట్టి మీరు మొదట్లో మిరియాలు, శొంఠి తగ్గించండి. కొందరికి వాటివల్ల మంట పెరుగుతుంది. ఒట్టి ధనియాలు, జీలకర్రతో చేసుకున్నా రుచిగానే ఉంటుంది. ఇక మేలు సంగతి. అల్లం వికారాన్ని తగ్గిస్తుందనడానికి మంచి ఆధారాలున్నాయి. ధనియాలు షుగర్‌ని, కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తాయన్న మాటలకి ఆధారం ఎక్కువగా జంతువుల మీద చేసిన ప్రయోగాలు. వాటిని నమ్ముకుని మందులు మానకూడదు. కానీ పడుకునే ముందు గంటల్లో కెఫీన్ లేని, పంచదార తక్కువైన, వేడి వేడి పానీయం ఒకటి ఇంట్లోనే తయారవుతోంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం శొంఠిని మోతాదు మించనివ్వకూడదు.

మీ అత్తగారి పొడి వాసన కొందరికి పడదు. అటువంటివాళ్లకి బార్లీ కాఫీ బాగుంటుంది. కిరాణా కొట్లో దొరికే బార్లీ గింజలనే మందపాటి మూకుట్లో కాఫీగింజ రంగు వచ్చేదాకా వేయించి, రవ్వలా మర పట్టి, డికాక్షన్ కాచుకోవాలి. ఇటలీలో దీన్ని పిల్లలు కూడా తాగుతారు. జపాన్, కొరియాల్లో వేయించిన బార్లీ నీళ్లు ఇంటింటా ఉంటాయి. గాంధీజీ కాఫీ టీలు మానుకున్నాక, గోధుమల్ని ఎర్రగా వేయించి పొడికొట్టి మరిగే నీళ్లలో కలుపుకునే పద్ధతి రాసిపెట్టారు. వేయించేటప్పుడు మాడనివ్వకండి. ఇందాక చెప్పిన అక్రిలమైడ్ ఇక్కడా పుడుతుంది. గోధుమ, బార్లీ రెండింటిలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది కాబట్టి అది పడనివాళ్లకి ఇవి రెండూ పనికిరావు. మా పాఠకుల్లో గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు ఖర్జూరపు గింజల కాఫీ గురించి కూడా అడుగుతుంటారు. ఆ గింజల్ని కడిగి, ఎండబెట్టి, వేయించి పొడికొడతారు. కెఫీన్ ఉండదు. రుచి నచ్చితే తాగొచ్చు, అంతకుమించి ఆశలు పెట్టుకోవద్దు.

ఇప్పుడు మీ అబ్బాయి తెప్పించిన పాకెట్. దాన్ని వెనక్కి తిప్పి, వాడిన పదార్థాల జాబితా చదవండి. మూడు విషయాలు చూడాలి.

ఒకటి, అతిమధురం. తియ్యదనం కోసం చాలా హెర్బల్ పొడుల్లో కలుపుతారు. దానిలోని గ్లిసిరైజిన్ రోజూ ఒంట్లోకి వెళ్తే ఉప్పునీ నీటినీ నిలవచేసి రక్తపోటు పెంచుతుంది. పొటాషియం తగ్గిస్తుంది. పొటాషియం తగ్గితే గుండె లయ తప్పొచ్చు. ఇప్పటికే దడ ఉన్న మీరు అది ఉన్న పొడిని ముట్టుకోవద్దు. రెండు, గ్వారానా, మాటే, గ్రీన్ టీ, మాచా లాంటి పేర్లు. ఇవన్నీ మొక్కలే, కానీ అన్నిటిలోనూ కెఫీన్ ఉంది. పుట్టగొడుగుల కాఫీ అని అమ్మే కొన్నిటిలో మామూలు కాఫీ పొడి కూడా ఉంటుంది. మొక్కలనుంచి వచ్చిందన్నంత మాత్రాన కెఫీన్ లేనట్టు కాదు. కాఫీ మాత్రం మొక్కనుంచి రాలేదా? మూడు, ఆ పొగడ్తలు. షుగర్‌ని నయం చేస్తుందనో ఊబకాయం పోగొడుతుందనో ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. చట్టం వద్దన్న మాటని పాకెట్ మీద వేసుకున్నవాళ్లు లోపల ఏం వేశారో నిజం చెబుతారని నేను నమ్మలేను. 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు లేకపోతే, పదార్థాల పేర్లు రాయకుండా రహస్య మూలికలు అని రాసి ఉంటే, ఆ పాకెట్ అవతల పెట్టేయండి. మీ అబ్బాయి ప్రేమతో తెప్పించాడు. ఆ మాట అతనితో చెప్పి, కారణం కూడా చెప్పండి. డబ్బు పోయినా పరవాలేదు.

పల్లెలో ఉన్నారు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. కసింద గింజల్ని వేయించి కాఫీలా తాగొచ్చని ఎవరైనా చెప్పి ఉంటారు. అది కొన్ని దేశాల్లో ఉన్న అలవాటే. కానీ ఆ గింజలు విషపూరితమైనవి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పచ్చి గింజలు తిన్న పిల్లలకి కాలేయం, కండరాలు, మెదడు దెబ్బతిని ప్రాణాలు పోయాయి. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణి తిరిగేచోట ఆ గింజలు ఎండబెట్టడం కూడా వద్దు.

తంగేడు పూల టీ గురించి కూడా అడిగేవాళ్లున్నారు. ఎండబెట్టిన పూలతో కాచే ఆ కషాయంలో కెఫీన్ లేదు, రుచి బాగుంటుంది. షుగర్ తగ్గించే గుణం జంతువుల మీద ప్రయోగాల్లో కనిపించింది. కాబట్టి షుగర్ మాత్రలు వాడేవాళ్లు దాన్ని రోజూ తాగేముందు డాక్టరుకి చెప్పాలి. రోడ్డు పక్కన పొగ, దుమ్ము పట్టిన పూలు కోయొద్దు.

మీ అమ్మాయి విషయంలో నేను మరింత గట్టిగా చెబుతాను. ఆ పాకెట్ వద్దు. గర్భిణుల మీద పరీక్షించని మూలికల్ని బిడ్డకి అందించే హక్కు మనకి లేదు. అతిమధురం గర్భిణులకి ప్రత్యేకించి వద్దు. కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాములు మించకూడదన్నది చాలా దేశాల్లో గర్భిణులకి చెప్పే హద్దు. నెలలు నిండేకొద్దీ కెఫీన్ ఒంట్లోంచి పోవడానికి రెండు మూడు రెట్లు ఎక్కువ సమయం పడుతుంది, అది బిడ్డకీ చేరుతుంది. ఉదయం ఒక చిన్న గ్లాసు కాఫీ తాగితే తప్పులేదు, టిఫిన్‌తో కాకుండా. వికారం ఉంటే కూరలో వాడినంత అల్లం పరవాలేదు. తనకి సాయంత్రాలు బార్లీ నీళ్లు, పల్చటి ధనియాల కాఫీ, రాగి జావ ఇవ్వండి. తను వాడుతున్న ఐరన్, కాల్షియం మాత్రలని ఒకేసారి వేసుకోకుండా వేర్వేరు పూటలకి మార్చిందో లేదో కూడా అడగండి. ఒకదాన్ని మరొకటి అడ్డుకుంటాయి.

రాగి జావ మీకూ మంచిది, పదకొండింటి గ్లాసు స్థానంలో. 100 గ్రాముల రాగుల్లో 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మన ధాన్యాల్లో మరేదీ దాని దరిదాపుల్లోకి రాదు. రాగుల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి మర పట్టిస్తే అందులో పోషకాల్ని పట్టి ఉంచే ఫైటేట్లు అనే పదార్థాలు తగ్గి ఆ పోషకాలు ఇంకొంచెం బాగా ఒంటపడతాయి. రెండు చెంచాల పిండి, గ్లాసు నీళ్లు, మజ్జిగ, చిటికెడు ఉప్పు. కాఫీ రుచి రాదు. కానీ పదకొండింటికి మీ ఒళ్లు అడిగేది కాఫీ కాదు, ఆకలి అని నా అనుమానం. అయితే రాగుల్లోని కాల్షియం థైరాయిడ్ మాత్రకీ, ఐరన్ మాత్రకీ కూడా అడ్డమే. ఐరన్ మాత్ర మధ్యాహ్నం భోజనానికి ముందు వేసుకునేట్టయితే జావ సాయంత్రం నాలుగింటికి మార్చుకుని, పదకొండింటికి ఓ జామకాయ తినండి.

చివరిగా మీరడిగిన మాట: కాఫీ పూర్తిగా మానేయాలా? మీ డాక్టరు దడకి వేరే కారణమేమీ లేదని, తాగొచ్చని చెబితే మానక్కర్లేదు. కాఫీ చెడ్డది కాదు. మితంగా తాగేవాళ్లలో టైప్ 2 షుగర్ వ్యాధి, కాలేయ జబ్బులు తక్కువగా కనిపిస్తున్నాయని ఎన్నో దేశాల్లోని పరిశీలనలు చెబుతున్నాయి. ఒకప్పుడు మూత్రాశయ క్యాన్సర్‌కి కారణం కావచ్చని కాఫీని జాబితాలో పెట్టిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ఆ మాట వెనక్కి తీసుకుంది. అదే సమయంలో 65 డిగ్రీలకి మించిన వేడితో ఏది తాగినా అన్నవాహికకి ముప్పు ఉండొచ్చని చెప్పింది. ధనియాల కాఫీకీ ఆ మాట వర్తిస్తుంది. పొగలు కక్కుతుండగా గొంతులో పోసుకోకండి. అరకు కొండల మీద గిరిజన కుటుంబాలు నీడచెట్ల కింద పెంచే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత మంచి పంట మన దగ్గరే పండుతుంటే మిమ్మల్ని దానికి పూర్తిగా దూరం కమ్మని నేను చెప్పలేను.

ఐదున్నరకి మాత్ర, ఆరున్నరకి కాఫీ. ఆరున్నర గ్లాసుని ఏ మాత్రం పలచబరచకుండా, మీకు నచ్చినట్టే కలుపుకోండి, పంచదార ఒక చెంచా తగ్గించి. టిఫిన్ ఏడున్నరకో ఎనిమిదికో తినండి. ఇంకో గ్లాసు కావాలనిపిస్తే పదింటికి. పన్నెండు తర్వాత కెఫీన్ వద్దు. ఐరన్ మాత్రకీ ఈ పదింటి గ్లాసుకీ మధ్య కనీసం గంటన్నర ఉండేట్టు చూసుకోండి. మధ్యాహ్నం భోజనం ఆలస్యమయ్యే ఇల్లయితే అది కష్టం కాదు.

ఈ రోజు సాయంత్రం ఏడింటి గ్లాసుతోనే మొదలుపెట్టండి. మిగతావన్నీ తర్వాత. ఒక కాగితం మీద రోజూ ఏ గంటకి నిద్ర పట్టిందో, దడ వచ్చిందో లేదో రాసి పెట్టుకుని డాక్టరు దగ్గరకి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి. టి.ఎస్.హెచ్. రిపోర్టు వచ్చాక, హిమోగ్లోబిన్ రెండో పరీక్ష అయ్యాక నాకు మళ్లీ రాయండి. మీ అత్తగారు ధనియాల్లో ఇంకేమైనా వేస్తారేమో కూడా అడిగి రాయండి.